1781 నాటి బానిస ఓడ మీద నాటకం: తీరం, ఓడ, కోర్టు వివరాలు సరిచూడగలరా?

ప్రశ్న అడిగినవారు: తెరచాప

1781 నుంచి 1783 మధ్య నడిచే రెండంకాల నాటకం ముసాయిదా ఇది. లివర్‌పూల్ ఓడ ఒకటి పశ్చిమాఫ్రికాలోని గోల్డ్ కోస్ట్‌కు వెళ్లి, మనుషుల్ని కొని, జమైకాకు తీసుకెళ్తుంది. దారిలో కొందరిని సముద్రంలోకి తోసేస్తారు. రెండో అంకం లండన్ కోర్టులో. జాంగ్ ఓడలో జరిగిన దారుణమే ఆధారం, ఓడ పేరూ పాత్రలూ మాత్రం కల్పితం.

దృశ్యాల వరస ఇలా ఉంది. ఒకటి: తెల్లవాళ్లు అడవిలో ఊరి మీద పడి, వలలు విసిరి జనాన్ని పట్టుకుంటారు. రెండు: కేప్ కోస్ట్ కోట. మూడు: ఓడ అడుగు అర, కొరడా దెబ్బలు. నాలుగు: తుఫాను. ఓడ తేలికపడాలని కెప్టెన్ మనుషుల్ని నీళ్లలోకి తోయిస్తాడు. ఐదు: ఓడ నిండా పంచదారతో లివర్‌పూల్ తిరిగొస్తుంది. ఆరు, ఏడు: హత్యానేరం మీద విచారణ, బోనులో కెప్టెన్.

వేదిక 30 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతు. నటులు 12 మంది. చరిత్రకు సంబంధించి ఎక్కడ తప్పుందో, తప్పున్న చోట ఏం పెట్టాలో చెప్పండి. ముఖ్యంగా ఓడ లోపలి కొలతలు, రోజువారీ పని, కోర్టు వాదన.

జవాబు 1: గవ్వలసంచి

మొదటి దృశ్యం మొత్తం తీసేయాలండి. తెల్లవాళ్లే ఊళ్ల మీద పడి మనుషుల్ని ఎత్తుకుపోవడం 1440ల్లో, బుడతకీచులు సహారా తీరానికి కొత్తగా వచ్చిన రోజుల్లో జరిగింది. 1781 నాటి గోల్డ్ కోస్ట్‌లో ఏ ఆంగ్ల కెప్టెనూ ఆ పని చేయడు, చేయలేడు. లోపలి దేశం ఆశాంటీ రాజ్యానిది, తీరం ఫాంటీ పెద్దలది. కోటలు లేచిన నేలకు సైతం యూరపువాళ్లు స్థానిక పాలకులకు అద్దె కట్టుకునేవారు. కేప్ కోస్ట్ కోట ఫిరంగులు సముద్రం వైపు తిరిగి ఉండటం గమనించండి. వాళ్ల భయమల్లా సాటి యూరపు దేశాల ఓడలంటేనే. పక్కనే ఉన్న ఎల్మినా కోటను బుడతకీచులు 1482లో కట్టడం మొదలుపెడితే 1637లో డచ్చివాళ్లు లాక్కున్నారు. ఇక మలేరియా, పచ్చజ్వరం సంగతి సరేసరి. తీరం దాటి లోపలికి వెళ్లే తెల్లవాళ్లు బహు తక్కువ.

మరి మనుషులు ఎక్కణ్ణుంచి వచ్చేవారంటే: యుద్ధంలో పట్టుబడినవాళ్లు, దారికాచి ఎత్తుకొచ్చినవాళ్లు, అప్పు తీరక కుదువలో ఉండిపోయినవాళ్లు, ఏదో నేరం మోపి అమ్మేసినవాళ్లు. తీరానికి చేరేలోపు ఒక మనిషి మూడు నాలుగు చేతులు మారడం మామూలే. ఓడవాడికి అమ్మేది చివరి వర్తకుడు. తొలిసారి పట్టుకున్నదెవరో అతనికీ తెలియకపోవచ్చు.

ఇలా చూపిస్తే నేరమంతా ఆఫ్రికన్ల మీదికి పోతుందేమోనని చాలామంది రచయితలు జంకుతారు. యంత్రాంగాన్ని పూర్తిగా చూపిస్తే పోదు. లివర్‌పూల్ వర్తకుడు సరుకును అప్పు మీద ఎత్తి ఓడలో వేస్తాడు. కెప్టెన్ దాన్ని తీరంలోని వర్తకుడికి అప్పిస్తాడు, అతను లోపలివాడికి ఇస్తాడు. ఆ సరుకులో తుపాకులూ తుపాకిమందూ ఉంటాయి. ఒక్కసారి ఈ గొలుసు తిరగడం మొదలైతే, పట్టుకున్న మనిషిని ఇంట్లో ఉంచుకోవడం కంటే తీరానికి తోలడమే లాభం. అటు జమైకా తోటల్లో పుట్టేవాళ్లకంటే చచ్చేవాళ్లు ఎక్కువ, అందుకని ఏటేటా కొత్తవాళ్లను కొంటూనే ఉండాలి. డబ్బూ గిరాకీ ఆ చివరి నుంచి వస్తున్నాయన్నది ప్రేక్షకుడికి అందితే చాలు.

కాబట్టి మొదటి దృశ్యం బేరం కావాలి. బల్ల మీద పెట్టాల్సినవి: నూలు బట్టల తానులు, తుపాకిమందు పీపా, ఇత్తడి పళ్లేలు, ఇనుప కడ్డీలు, పొగాకు, రమ్ము. గోల్డ్ కోస్ట్‌లో లెక్క ఔన్సుల్లో నడుస్తుంది. అసలు ఔన్సు బంగారపు పొడి సుమారు 4 పౌండ్లు. ‘వర్తకపు ఔన్సు’ అంటే దాదాపు అందులో సగం అసలు ధర ఉన్న సరుకు. ఒక మనిషి ఖరీదు ఒకే వస్తువులో చెల్లించరు. ఇన్ని తానులు, ఇంత మందు, ఇన్ని పళ్లేలు అని కలిపి ఒక కూర్పు కడతారు. ఆ కూర్పులో ఒక్క రకం లేకపోయినా బేరం తెగదు. తీరం వర్తకులకు బట్ట మీద చాలా పట్టింపు. పోయినేడు నడిచిన రంగు ఈ ఏడు నడవకపోతే ఆ కెప్టెన్ నెలల తరబడి లంగరు వేసుకుని కూర్చోవాల్సిందే. మీ నాటకంలో ఆలస్యానికి తుఫాను కంటే ఇదే మంచి కారణం. లంగరు వేసిన ప్రతి వారానికీ అప్పటికే ఓడలో ఉన్న బందీలు జబ్బు పడతారు, తిండి తరుగుతుంది.

తెలుగు ప్రేక్షకుడు ఉలిక్కిపడే విషయం ఒకటుంది, దాన్ని వదలొద్దు. ఆ తానుల్లో పెద్ద భాగం భారతదేశంలో నేసినదే. కోరమాండల్ తీరపు నూలు బట్టకు యూరపు వర్తకుల లెక్కల్లో ‘గినీ క్లాత్’ అనే పేరుండేది, అది చేరే తీరాన్ని బట్టి పెట్టిన పేరు. బేరం దృశ్యంలో ఒక తాను విప్పి చేత్తో నలిపి చూస్తే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు.

గవ్వలు మాత్రం ఇక్కడ పెట్టకండి. మాల్దీవుల నుంచి వచ్చే గవ్వలు ద్రవ్యంగా నడిచింది ఇంకా తూర్పున, విదా వైపు. ఇంకా తూర్పునున్న బోనీ రేవులో మనిల్లా అనే ఇత్తడి కడియాలు. ఇవన్నీ ఒకే బల్ల మీద పోస్తే తెలిసినవాడికి అక్కడే నమ్మకం పోతుంది. అలాగే బోనీ, పాత కలబార్‌లలో యూరపు కోటలే లేవు. మీరు కోట చూపించాలనుకుంటే కేప్ కోస్టే సరైన ఎంపిక.

కోట గురించి రెండు మాటలు. అక్కడ రేవు లేదు. అలలు బలంగా విరుచుకుపడతాయి కాబట్టి పెద్ద ఓడ దూరంగా లంగరు వేసి ఉంటుంది. ఒడ్డు నుంచి ఓడ దాకా మనుషుల్నీ సరుకునీ చేరవేసేది ఆఫ్రికన్ పడవవాళ్లు. ఓడ కోటకు ఆనుకుని నిలబడి, పలక మీదుగా మనుషులు నడిచి ఎక్కడం తప్పు. కోటలో మగవాళ్ల చీకటిగది మీదే ప్రార్థనాస్థలం ఉండేది. 1766 నుంచి 1816లో చనిపోయేవరకు అక్కడ మతగురువుగా ఉన్నది ఫిలిప్ క్వాకూ అనే ఆఫ్రికన్, ఇంగ్లాండ్ చర్చి దీక్ష పొందిన మొదటి ఆఫ్రికన్ ఆయనే. మీ రెండో దృశ్యానికి పై అంతస్తు, కింది అంతస్తు విభజన ఇందులోనే దొరుకుతుంది.

జవాబు 2: ఓడకొయ్య

మూడో దృశ్యం గురించి చెప్తాను. ‘అడుగు అర’ అనకండి. అన్నిటికంటే కింద ఉండే అరలో నీళ్ల పీపాలు, తిండి, వంటచెరకు ఉంటాయి. మనుషుల్ని ఉంచేది దాని పైన, కింది డెక్కులో.

కొలతలకు బ్రూక్స్ అనే లివర్‌పూల్ ఓడే ఆధారం, 1788లో దాన్ని కొలిచారు. కింది డెక్కు నేల నుంచి పై కప్పు దూలాల దాకా 5 అడుగుల 8 అంగుళాలు. ఆ ఎత్తుకు సగంలో, గోడల వెంబడి 6 అడుగుల వెడల్పున ఓడ వడ్రంగి పలకల అరుగు కడతాడు. నేల మీద ఒక వరస, అరుగు మీద ఇంకో వరస. ఒక్కో వరసకు మిగిలే ఎత్తు 2 అడుగుల 7 అంగుళాలు. పెద్దవాళ్లు నిటారుగా కూర్చోలేరు. ఆ కొలతలతో అచ్చేసిన ఓడ పటంలో మగవాడికి ఇచ్చిన చోటు 6 అడుగుల పొడవు, 16 అంగుళాల వెడల్పు. మీ 12 మంది నటుల్ని అలా పడుకోబెడితే సరిగ్గా 16 అడుగులు పడుతుంది, అంటే మీ వేదికలో సగం కంటే కాస్త ఎక్కువ. కొలతను పెంచకుండా ఇదే ఉంచండి. మిగతా 14 అడుగులు ఖాళీగా వదిలి, అక్కడ రాతబల్ల ఒకటి వేస్తే చాలు. ఆ పటం చూపించేది కూడా 1788 డాల్బెన్ చట్టం వచ్చాక ఉన్న పరిమితినే, 454 మంది. అంతకుముందు అదే ఓడ 609 మందిని మోసింది. మీ కథ 1781లో కాబట్టి ఏ పరిమితీ లేదు. ఆ చట్టం ప్రకారం 201 టన్నుల దాకా ప్రతి 3 టన్నులకు 5 మంది, ఆ పైన టన్నుకు ఒకరు. జాంగ్ 110 టన్నుల ఓడ. తీరం వదిలేటప్పుడు అందులో 442 మంది, అంటే టన్నుకు నలుగురు. తర్వాత జరిగినవాటికి బీజం ఆ అంకెలోనే ఉంది.

వడ్రంగి పాత్ర మీ ముసాయిదాలో లేదు, చేర్చండి. లివర్‌పూల్ వదిలేటప్పుడు ఇది మామూలు సరుకు ఓడే. తీరానికి వెళ్లే దారిలో, లంగరు వేశాక, వడ్రంగి రంపంతోనూ సుత్తితోనూ దాన్ని బానిస ఓడగా మారుస్తాడు. అరుగులు కడతాడు, గాలికోసం పక్క గోడల్లో కిటికీలు కోస్తాడు, మూతల చోట కొయ్య జాలీలు బిగిస్తాడు. ప్రధాన స్తంభం దగ్గర డెక్కుకు అడ్డంగా బారికాడో అనే కొయ్యగోడ లేపుతాడు. అది నిలువెత్తు దాటి ఉంటుంది. ఓడ అంచు దాటి రెండడుగుల దాకా సముద్రం మీదికి పొడుచుకొచ్చి ఉంటుంది, పక్కనుంచి చుట్టి రాకుండా. గోడలో ఒక్క మనిషి పట్టేంత తలుపు, పైన తిప్పుడు ఫిరంగులు, కంతల్లో తుపాకులు. గోడకు ముందు వైపు మగవాళ్లు, వెనక వైపు ఆడవాళ్లూ పిల్లలూ నావికులూ ఆయుధాలూ. ఓడ చుట్టూ వలలు కడతారు, దూకి చనిపోకుండా. మీరు మొదటి దృశ్యంలో వాడిన వల ఇక్కడికి రావాలి.

మగవాళ్లను ఇద్దరిద్దరుగా, ఒకరి కుడికాలికి ఇంకొకరి ఎడమకాలు కలిపి సంకెళ్లు వేస్తారు. ఆడవాళ్లకూ పిల్లలకూ సాధారణంగా సంకెళ్లుండవు. అలా వదలడం దయతో కాదు. నావికుల గదుల దగ్గరే వాళ్లను ఉంచడం వల్ల అత్యాచారాలు ఓడలో రోజువారీ సంగతైపోయాయి. దీన్ని వేదిక మీద ఆడి చూపించనక్కర్లేదు. గోడకు ఏ వైపు ఎవరున్నారో, తలుపు తాళం ఎవరి దగ్గరుందో చూపిస్తే అర్థమవుతుంది. ఇంకోటి, ఆడవాళ్లు వెనక వైపు తిరుగుతుంటారు కాబట్టి తుపాకులు ఎక్కడున్నాయో వాళ్లకు తెలుసు. తిరుగుబాట్లలో సమాచారం, పనిముట్లు చాలాసార్లు వాళ్ల చేతుల మీదుగానే వెళ్లాయి. సుమారు పది ప్రయాణాల్లో ఒకదానిలో తిరుగుబాటు జరిగిందని చరిత్రకారుల అంచనా. ఎక్కువగా తీరం కనిపించే దూరంలోనే. నడిసముద్రంలో గెలిచినా ఓడ నడిపేవాళ్లు కావాలి కదా.

రోజు ఇలా నడుస్తుంది. వాతావరణం బాగుంటే పొద్దున ఎనిమిది ప్రాంతంలో పైకి తెస్తారు. సంకెళ్లలోంచి పొడుగాటి గొలుసు దూర్చి డెక్కు రింగులకు కట్టేస్తారు. రెండు పూటల తిండి. యూరపు నుంచి తెచ్చిన గుర్రపు చిక్కుళ్లు ఉడకబెట్టినవి, తీరంలో కొన్న కందగడ్డ, బియ్యం, మొక్కజొన్న. పామాయిలూ మిరియాలూ కలిపిన పులుసు. పదేసి మందికి ఒక తొట్టి, తలో కొయ్య గరిటె. నీళ్లు తిండితోపాటు అర పింటు (సుమారు పావు లీటరు). తినకపోతే కొరడా, దవడలు విప్పే ఇనుప మరతో బలవంతపు తిండి. తర్వాత ‘ఆట’: గొలుసులతోనే ఎగరమంటారు, వ్యాయామం పేరుతో. సాయంత్రం నాలుగైదింటికి కిందికి. పొద్దున సర్జన్ కిందికి దిగితే చనిపోయినవాణ్ణి బతికున్నవాడి కాలి నుంచి విడదీయడం మొదటి పని. నేలను వెనిగర్‌తో కడిగి తారు పొగ వేస్తారు.

మీ తుఫాను దృశ్యంలో మనుషుల్ని తోసేయడం తీసేసి, అసలు తుఫానులో జరిగేది పెట్టండి. అలలు లేస్తే కిటికీలు మూసేస్తారు, జాలీల మీద తారుగుడ్డ కప్పేస్తారు. లోపల గాలి ఆడదు, మలమూత్రాల తొట్లు దొర్లిపోతాయి, ఒరుసుకుని చర్మం ఊడిపోతుంది. రక్తవిరేచనాలు ప్రబలేది అప్పుడే. నావికులు పైన పాడుతూ తాళ్లు లాగుతుంటే కింద చీకటి. వేదిక మీద ఇది చేయడం తేలిక, వెలుగు తీసేసి శబ్దం ఒక్కటీ ఉంచితే సరి.

నావికులు 200 టన్నుల ఓడకు 30 మంది దాకా, అంతే పరిమాణమున్న మామూలు ఓడ కంటే దాదాపు రెట్టింపు. కాపలాకు అంతమంది కావాలి. వాళ్లలోనూ సుమారు ఐదోవంతు ప్రయాణంలో చనిపోయేవారు. జమైకా చేరాక అంతమంది అక్కర్లేదు కాబట్టి జబ్బుపడినవాళ్లను రేవులోనే వదిలేసి జీతం ఎగ్గొట్టే కెప్టెన్లుండేవారు. అలా రేవులో పడి ఉన్న తెల్ల నావికుడు మీ ఐదో దృశ్యానికి పనికొస్తాడు.

ఆ ఐదో దృశ్యంలో ఓడ నిండా పంచదార కూడా సరికాదు. అమ్మకం సొమ్ములో ఎక్కువ భాగం హుండీల రూపంలో ఇంటికి చేరుతుంది, లండన్‌లోని వర్తక సంస్థ ఏడాదికో రెండేళ్లకో చెల్లించేవి. పంచదారను మోసేది ముఖ్యంగా దానికోసమే నడిచే వేరే ఓడలు. మన ఓడ కొద్దిపాటి సరుకుతో, కొన్నిసార్లు ఒట్టి బరువురాళ్లతో తిరిగొస్తుంది. కెప్టెన్ జేబులో మడిచిన కాగితం ఉంటే చాలు.

జవాబు 3: చెకుముకి

వస్తువుల గురించి త్వరగా.

జెండా: 1801కి ముందు బ్రిటిష్ జెండాలో ఐర్లాండ్ ఎర్ర అడ్డగీతలు లేవు. ఇప్పటి జెండా పెడితే మొదటి నిమిషంలోనే తప్పు. సరుకు ఓడకు ఎర్ర జెండా, మూలలో పాత గుర్తు.

అగ్గిపెట్టె 1820ల చివరి వస్తువు. చెకుముకి రాయి వాడండి. సర్జన్ పెట్టెలో సింకోనా బెరడు పొడి ఉండొచ్చు, క్వినైన్ ఉండకూడదు (దాన్ని వేరుచేసింది 1820లో). కెప్టెన్‌కూ నావికులకూ యూనిఫారం లేదు, అది నౌకాదళ అధికారులది. బెండు టోపీ తర్వాతి శతాబ్దిది.

క్రోనోమీటరు (రేఖాంశం లెక్కగట్టే ఓడ గడియారం) పెట్టకండి. అప్పటికి అది ఖరీదైన వస్తువు, ఇలాంటి ఓడల్లో దొరకదు. రేఖాంశం అంచనాతోనే: వేగం, దిశ, గడిచిన సమయం లెక్కగట్టి పటం మీద గుర్తు పెట్టడం. ఇది మీ కథకు ప్రాణం. 1781 నవంబరు చివర్లో జాంగ్ జమైకా దగ్గరికొచ్చి, దాన్ని పరాసుల చేతిలోని సెయింట్ డొమింగ్ అనుకుని పడమటికి దాటిపోయింది. ఆ పొరపాటు లేకపోతే నీళ్ల కొరత అన్న సాకే పుట్టేది కాదు.

జవాబు 4: పద్దుపుస్తకం

రెండో అంకం పునాదే మార్చాలి. బోనులో ఎవరూ లేరు. హత్య విచారణ జరగలేదు. జరిగింది బీమా సొమ్ము దావా: ఓడ యజమానులు వాది, బీమా ఇచ్చినవాళ్లు ప్రతివాది. గ్రెగ్సన్ వర్సెస్ గిల్బర్ట్, 1783. జాంగ్ కెప్టెన్ కాలింగ్‌వుడ్ అప్పటికే జమైకాలో చనిపోయాడు, ఓడ దినచర్య పుస్తకం కనిపించలేదు. కెప్టెన్‌ని బోనులో నిలబెడితే ప్రేక్షకుడు ఒక దుర్మార్గుణ్ణి అసహ్యించుకుని ఇంటికెళ్తాడు. అసలు భయం ఆ గదిలో ఉన్న పెద్దమనుషులందరూ మర్యాదగా మాట్లాడటంలో ఉంది.

వాదన ఇది. ఆనాటి బీమాలో ‘సహజ మరణం’ చెల్లదు. జబ్బుతో పోయినా, దిగులుతో తిండి మానేసి పోయినా సహజ మరణమే, నష్టం యజమానిది. సముద్ర ప్రమాదం చెల్లుతుంది. మిగతా సరుకును కాపాడటానికి కొంత సరుకును సముద్రంలో పారేయడం కూడా చెల్లుతుంది. జాంగ్‌లో మనిషికి 30 పౌండ్ల బీమా. రోగి కింద పడి ఉండి చనిపోతే సున్నా, ప్రాణంతో ఉండగా తోసేస్తే 30 పౌండ్లు. ఈ రెండు వాక్యాలు మీ నాలుగో దృశ్యంలో ఎవరి నోటా రాకూడదు. ఆరో దృశ్యంలో న్యాయవాది చదవాలి, అప్పుడు నాలుగోది ప్రేక్షకుడి మనసులో మళ్లీ ఆడుతుంది.

వరస: నవంబరు 29న మొదటి విడత, 54 మంది ఆడవాళ్లూ పిల్లలూ. డిసెంబరు 1న 42 మంది మగవాళ్లు. తర్వాతి రోజుల్లో 36 మంది. ఇంకో పదిమంది తమంతట తామే దూకేశారు. మొత్తం సంఖ్యను రికార్డులు 122 నుంచి 142 దాకా రకరకాలుగా చెప్తాయి. అందుకే పాత్రధారులు ‘సుమారు’ అనకుండా తలోరకంగా ఖచ్చితమైన అంకె చెప్పడం మంచిది, కోర్టులో అదే జరుగుతుంది. డిసెంబరు 22న జమైకాలోని బ్లాక్ రివర్‌కు చేరినప్పుడు 208 మంది మిగిలారు, పీపాల్లో 420 గ్యాలన్ల నీళ్లూ మిగిలాయి. గ్యాలన్‌కు 8 పింట్లు. మనిషికి రోజుకు 2 పింట్ల చొప్పున ఇచ్చినా అందరికీ ఇంకో వారం దాటి వచ్చే నీళ్లు. ఈ లెక్కను వేదిక మీద చేయించండి, సుద్దముక్కతో.

1783 మార్చిలో జ్యూరీ యజమానుల పక్షాన తీర్పిచ్చింది. మే నెలలో ప్రధాన న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ముందు బీమావాళ్లు కొత్త విచారణ అడిగారు. జ్యూరీ దీన్ని గుర్రాల్ని పారేసిన కేసులాగే చూసిందని ఆ సందర్భంలోనే ఆయన అన్నది. మలుపు ఎక్కడొచ్చిందంటే, రెండో విడత తర్వాత వాన కురిసిందనీ, ఆ తర్వాత కూడా చంపడం ఆగలేదనీ తెలిసింది. నీళ్ల అవసరమన్న వాదన అక్కడ కూలింది. కొత్త విచారణకు అనుమతించారు. అది జరిగినట్టు రికార్డు లేదు.

బయటి నుంచి ఇద్దరు. ఒకప్పుడు బానిసగా ఉండి స్వేచ్ఛ పొందిన ఒలౌడా ఎక్వియానో మార్చి 19న, బానిసత్వం మీద పోరాడుతున్న గ్రాన్‌విల్ షార్ప్ ఇంటికి ఈ వార్త మోసుకెళ్లాడు. అప్పట్లో అతన్ని అందరూ పిలిచేది గుస్టావస్ వాసా అని, సంభాషణల్లో ఆ పేరే వాడండి. షార్ప్ కోర్టు మాటలన్నీ రాయించి, హత్య కేసు పెట్టమని నౌకాదళ అధికారులకు పంపాడు. ఏమీ కాలేదు. మాన్స్‌ఫీల్డ్ ఇంట్లో పెరిగిన డైడో బెల్‌ను (ఆయన మేనల్లుడికీ బానిసగా ఉన్న స్త్రీకీ పుట్టిన అమ్మాయి) కోర్టు దృశ్యంలోకి లాగాలని అనిపిస్తుంది, లాగొద్దు. ఈ కేసులో ఆయన మాటల మీద ఆమె ప్రభావం ఉందనడానికి ఆధారం లేదు. అలా రాస్తే ఆ గది చల్లదనం పోయి కుటుంబ కథ అయిపోతుంది.

బానిసల వ్యాపారం రద్దు చట్టం 1807లో గానీ రాలేదు కాబట్టి మీ నాటకం చివర తెర మీద ‘ఈ కేసుతో అంతా మారింది’ అన్న ధోరణి వద్దు. 1790ల నాటికి చట్టం మనుషుల్ని సముద్రంలో పారేస్తే బీమా చెల్లదని చేసింది. మారింది ఆ షరతు.

తెరచాప

మొదటి, నాలుగు, ఐదు దృశ్యాలు తీసేస్తున్నాను, కోర్టు మళ్లీ రాయాలి. ఇంకో చిక్కు. ఇంగ్లీషు పాత్రలు మన నాటకాల్లోని దొరల తెలుగు మాట్లాడుతున్నారు, ‘టుమకి ఏమి కావలెను’ తరహాలో. బందీలకు మాటలు చాలా తక్కువ. పేర్లు కూడా పెట్టలేదు. సలహా?

జవాబు 5: దుబాసీ

దొరల తెలుగు తీసేయండి. అది ఇక్కడికొచ్చి మనతో మన భాష మాట్లాడబోయిన దొరను చూపించే పద్ధతి. ఇక్కడ ఇంగ్లీషువాళ్లు తమలో తాము సొంత భాషలో మాట్లాడుకుంటున్నారు. వచ్చీరాని భాష పెడితే వాళ్లు వేళాకోళపు బొమ్మలైపోతారు, ప్రేక్షకుడు నవ్వుతాడు. శుభ్రమైన తెలుగు ఇవ్వండి. కెప్టెన్‌కి వ్యవహారం తెలిసినవాడి తెలుగు, మేటుకు (కెప్టెన్ కింది అధికారికి) ముతక తెలుగు, న్యాయవాదికి కోర్టు కాగితాల తెలుగు.

బందీలకూ అంతే శుభ్రమైన తెలుగు. చేయాల్సింది ఒక్కటే: దృశ్యం ఎవరి వైపు నుంచి నడుస్తుందో వాళ్లది తెలుగు, ఎదుటివాళ్లది అర్థం కాని శబ్దం. డెక్కు మీద మేటు కేకలు ప్రేక్షకుడికి అర్థం కావాలి. కిందికి దిగాక అదే కేక అర్థం కాకూడదు. నటుడు ఒకడే, మాట మారుతుంది. బందీలందరిదీ ఒకే భాష అని కూడా రాయకండి. గోల్డ్ కోస్ట్‌లో ఎక్కినవాళ్లలో ట్వి, ఫాంటీ, గా, ఎవె మాట్లాడేవాళ్లు కలిసి ఉంటారు. ట్వి, ఫాంటీ దగ్గరి భాషలు, ఒకరి మాట ఒకరికి చాలావరకు అందుతుంది. గా వేరు. ఒకే సంకెలలో ఉన్న ఇద్దరికి ఒకరి మాట ఒకరికి తెలియకపోవడం, వారాలు గడిచేకొద్దీ కొన్ని మాటలు ఉమ్మడి కావడం, ఇదే మూడో దృశ్యానికి కథ. కొరడా కంటే ఇది ఎక్కువసేపు నడుస్తుంది. జమైకాలో ‘ఒకే ఓడలో వచ్చినవాళ్లు’ అన్నది చుట్టరికంలా నిలిచింది, ఆ పిల్లలు తల్లిదండ్రుల ఓడ సహచరుల్ని పెదనాన్న, పిన్ని వరసల్లో పిలిచేవారు. తెలుగులో వరసలు పెట్టి పిలవడం ఎంత సహజమో మీకు చెప్పక్కర్లేదు, మొదటిసారి ఆ పిలుపు ఓడలోనే పుట్టించండి.

పేర్లకు అకాన్ (ట్వి, ఫాంటీ మాట్లాడేవాళ్ల) వారపు పేర్లు వాడండి. పుట్టిన రోజును బట్టి వచ్చేవి. మగవాళ్లకు సోమవారం కోజో, మంగళవారం క్వాబెనా, బుధవారం క్వాకు, గురువారం యావ్, శుక్రవారం కోఫీ, శనివారం క్వామె, ఆదివారం క్వాసి. ఆడవాళ్లకు అదే వరసలో అడ్వోవా, అబెనా, అకువా, యా, అఫువా, అమా, అకోసువా. గా, ఎవె పాత్రలకు ఈ జాబితాను కళ్లు మూసుకుని తగిలించకండి. ఎవె వాళ్లకూ వారపు పేర్లున్నాయి గానీ రూపాలు వేరు.

మాటల విషయంలో ఇంకొక్కటి. ఇంగ్లీషు పాత్రలు ‘బానిస’, ‘సరుకు’, ‘తల’ అంటారు, అనాలి. మీ రంగస్థల సూచనల్లో మాత్రం ఆ మాటలు వాడకండి. ‘ఇద్దరు బానిసలు ప్రవేశిస్తారు’ అని రాస్తే దర్శకుడూ నటుడూ అక్కణ్ణుంచే మొదలుపెడతారు. ‘కోఫీ, అమా ప్రవేశిస్తారు’ అని రాయండి.

ఓడకొయ్య

పేర్ల మాట వచ్చింది కాబట్టి ఆధారవస్తువు గురించి చిన్న సవరణ. వేదిక మీద మిగిలిన 14 అడుగుల్లో రాతబల్ల అన్నాను కదా, దాని మీది పుస్తకంలో ‘పేరు’ అనే గడి గీయించకండి. ఓడ లెక్కల్లో ఉండేవి మగ, ఆడ, మగపిల్ల, ఆడపిల్ల అన్న గడులు. చనిపోయినవాళ్లు నంబరుతో ఎక్కుతారు. ఆ మనుషులకు కాగితం మీద పేరంటూ వచ్చేది తోట యజమాని ఆస్తుల జాబితాలో. అది ఆ యజమాని పెట్టిన పేరైనా కావచ్చు, లేదా కోజో ‘కడ్జో’గా, కోఫీ ‘కఫీ’గా ఇంగ్లీషు చెవికి వినబడినట్టు రాసిందైనా కావచ్చు. మేటు పుస్తకం చదివేటప్పుడు నంబర్లే చదవాలి, అరుగు మీది నటులు ఒక్కొక్కరూ తమ పేరు తాము పలకాలి. 12 మంది ఉన్నారు, నంబర్లు ఒకటి నుంచి వరసగా ఇవ్వకండి. 31, 84, 207 అని ఎక్కడెక్కడివో ఇస్తే కనిపించనివాళ్లు ఎంతమందో తెలుస్తుంది.